వెలుపలికి వెళ్లునప్పుడు

సఖినేటిపల్లి రేవు,
12-12-1999, ఆదివారం.

ప్రియమైన బేబికి,

మన ప్రభువు నామంలో శుభాలు. ఇక్కడ నేను, మీ అమ్మ, మన పిల్ల సువార్త ముగ్గురం క్షేమం. నువ్వు కూడా క్షేమమని తలుస్తున్నాను అని రాయాలి, ఆ మాట లేకపోతే మనకి ఉత్తరం మొదలవదు. కానీ లోవమ్మ వచ్చి అంతా చెప్పాక ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీ క్షేమం కోసం పొద్దునా సాయంత్రం ప్రార్థన చేస్తున్నాం. అంతవరకు మాత్రం నిజం.

లోవమ్మ నీ ఉత్తరం మొన్న మంగళవారం తెచ్చింది. అంతర్వేది నుంచి ఆటోలో రేవుకి వచ్చి, నేను టికెట్లు చింపుతుంటే పక్కన నిలబడి, "కువైట్లో ఉన్న బేబి గారి ఆయనంటే మీరేనాండి?" అని అడిగింది. ఔనన్నాను. "ఆవిడా నేనూ ఒకే మేడలో పని చేస్తామండి. ఆవిడ మూడో అంతస్తు, నేను కింద. చెత్త పారేయడానికి దిగినప్పుడు ఈ కాగితాలు నా చేతిలో పెట్టిందండి. జాకెట్లో కుట్టుకుని తెచ్చాను" అంది. గోదావరి దాటే పంటు కదలబోతోంది, నరసాపురం వెళ్ళే పెళ్ళివాళ్ళు గోల చేస్తున్నారు. కాగితాలు జేబులో పెట్టుకుని ఆ రోజంతా ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తిరిగాను గానీ విప్పే ధైర్యం రాలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, మీ అమ్మనీ సువార్తనీ కూర్చోబెట్టి పైకి చదివాను. కొన్ని వాక్యాలు చదవకుండా దాటేశాను. మీ అమ్మ చెవి చురుకైనది కదా, "మధ్యలో ఆగుతున్నావేంటి రత్నం, అక్షరాలు కనపడటం లేదా? నా కళ్ళజోడు ఇవ్వనా?" అంది.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను. చివరి ప్రశ్నకి మాత్రం చివర్లోనే రాస్తాను. ఓపిక పట్టు.

మీ అమ్మ కుడి కన్నుకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు సూదీ దారమూ బాగానే కనపడుతున్నాయి, మళ్ళీ లేసు అల్లుతోంది. చేతికర్ర సంగతి మాత్రం పెద్ద కథ. ఈ ఏడు జనవరి ఒకటిన చర్చి పళ్ళెంలోంచి ఆవిడ తీసిన వాగ్దాన కార్డులో నీ పాదము తొట్రిల్లనియ్యడు అని వచ్చింది. అంతే, ఆ రోజు నుంచి కర్ర పట్టుకోవడం మానేసింది. దేవుడు పట్టుకుంటానంటే మధ్యలో కర్ర ఎందుకని. నేను బతిమాలాను, మన చర్చి అయ్యగారు చెప్పారు, వినలేదు. ఆగస్టులో బోరింగ్ దగ్గర నాచు మీద జారి చీలమండ బెణికింది. నెల రోజులు మంచం మీదే. మంచం మీద పడుకుని ఏమందో తెలుసా? "దేవుడు అబద్ధమాడడు. ఆ కార్డు పక్కావిడది అయ్యుంటుంది. పళ్ళెంలో తారుమారై నా చేతికి వచ్చింది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ మాట నాలో ఎక్కడ గుచ్చుకుందో కింద తెలుస్తుంది.

సువార్త ఎనిమిదో తరగతి. పొడుగైంది, నా భుజం దాటింది. అక్టోబరు నెలలో పెద్దమనిషి అయింది. ఈ సంగతి నీకు ఉత్తరంలో రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ రోజు నేను ఏం చేశానో చెప్తే తిడతావు. ఏం చేయాలో తెలీక డ్యూటీ లేకపోయినా రేవుకి పారిపోయాను. మీ అమ్మ కుంటుకుంటూనే అన్నీ చూసుకుంది. మూడో రోజు సువార్త నన్ను పిలిచి, "అమ్మకి ఫోన్ చెయ్యొచ్చా నాన్నా?" అని అడిగింది. నరసాపురంలో ఫోన్ బూత్ నుంచి చేశాం. మీ మేడమ్ ఎత్తి, ఏదో అరిచి పెట్టేసింది. రెండోసారి ఎత్తనే లేదు. బూత్ అతను చిల్లర ఇస్తూ, "లైన్ బాగోలేదేమో మాస్టారూ, రేపు రండి" అన్నాడు. లైన్ బాగానే ఉంది.

చదువులో ఫరవాలేదు, లెక్కల్లో మాత్రం తప్పింది. పరీక్ష అట్ట మీద నన్ను బలపరచువానియందే సమస్తమును చేయగలను అని పెద్ద అక్షరాలతో రాసుకుని, పుస్తకం తెరవకుండా వెళ్ళింది. అయ్యగారు ఆ అట్ట చూసి, కోప్పడకుండా దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "పాపా, ఈ మాట రాసినాయన అప్పుడు ఎక్కడున్నాడో తెలుసా? జైల్లో. అంతకు ముందు వాక్యం చదువు. నాకు కడుపు నిండినా తెలుసు, ఆకలేసినా తెలుసు, ఎలా ఉన్నా ఓర్చుకోవడం నేర్చుకున్నాను అంటున్నాడు. అన్నీ గెలుస్తానని కాదమ్మా, ఓడిపోయినప్పుడు కూడా నిలబడతానని" అన్నారు. "మరి లెక్కలకి ఏ వచనం అయ్యగారూ?" అని అడిగింది నీ కూతురు. ఆయన నవ్వి, "లెక్కలకి లెక్కల పుస్తకమే" అన్నారు.

నువ్వు కొనిపించిన సైకిల్ వరండాలో అలాగే ఉంది. ఏడాదిగా ఎక్కడం లేదు, నడిచే బడికి వెళ్తోంది. పెద్దపిల్ల అవుతోంది, సిగ్గు పడుతోందేమో అనుకున్నాను. కారణం నిన్ననే తెలిసింది.

ఇల్లు గోడల దాకా లేచి ఆగింది. తుఫాను తీసుకుపోయిన కప్పు స్థానంలో ఇంకా తాటాకే ఉంది. స్లాబు గురించి అడగకు, నాకు ఆ మాట వింటేనే ఎలాగో ఉంటోంది.

ఊళ్ళో ఇంకో గోల. రెండువేల సంవత్సరం వస్తే లోకం అంతమైపోతుందని ఎవరో కరపత్రాలు పంచారు. వెయ్యేళ్ళ వచనాలు అటూ ఇటూ కలిపి ఏదో లెక్క కట్టారు. సగం పేట నమ్మింది. ఒకాయన మేకని కోసి బంధువులందరికీ పెట్టేశాడు. మీ అమ్మకి మాత్రం వేరే భయం పట్టుకుంది. "లోకం పోతే పోనీ, ఫిబ్రవరి దాకా ఆగమను. అప్పటికి మా బేబి వచ్చేస్తుంది" అంది.

ఇక ఫిబ్రవరి సంగతి.

రెండేళ్ళ గడువు అప్పటికి తీరిపోతుందనీ, అయినా మేడమ్ పంపనంటోందనీ రాశావు. వాళ్ళ అమ్మ మంచాన పడింది కాబట్టి ఇంకో రెండేళ్ళు ఉండాలంటోందని. పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉందని. ఈ వాక్యాలే నేను మీ అమ్మకి చదవకుండా దాటేశాను. మర్నాడే సెలవు పెట్టి, నీ వీసా తెప్పించిన ఏజెంట్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఇప్పుడు చెప్పుల కొట్టు ఉంది. బోర్డు కూడా లేదు. చెప్పుల కొట్టతను, "మీలాగే వారానికి ఇద్దరు వస్తున్నారండి" అన్నాడు. శుక్రవారం కాకినాడ వెళ్ళి కలెక్టరు గారి ఆఫీసులో అర్జీ ఇచ్చాను. గుమాస్తా చదివి, "విదేశీ వ్యవహారం కదండి, ఢిల్లీ పంపాలి, టైం పడుతుంది" అన్నాడు. ఎంత టైం అంటే పైకి చూశాడు. రసీదు ఇచ్చాడు. ఆ రసీదు బైబిల్లో పెట్టుకున్నాను. అంతకు మించి నేను చేయగలిగింది ఏదీ కనపడటం లేదు బేబీ. మనుషుల్ని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి చేర్చడమే నా ఉద్యోగం, నిన్ను మాత్రం చేర్చలేకపోతున్నాను.

లోవమ్మ ఇంకో మాట చెప్పింది, అది నువ్వు ఉత్తరంలో రాయలేదు. సెప్టెంబరులో ఒక శుక్రవారం, మీ మేడమ్ వాళ్ళు ఊరెళ్ళినప్పుడు, నిన్ను మన ఎంబసీకి తీసుకెళ్తానందట. నీలాంటి ఆడవాళ్ళు చాలామంది అక్కడికి చేరుతున్నారట, కొందరిని ఇళ్ళకి పంపారట. టాక్సీ కూడా మాట్లాడిందట. నువ్వు మెట్ల దాకా వచ్చి ఆగిపోయావట. "నేను రానన్నానని కోపం తెచ్చుకోకు లోవమ్మా. నన్ను దేవుడే పంపాడు. నాకు వాగ్దానం ఉంది. పంపినవాడే తీసుకొస్తాడు. దొంగలాగా పారిపోతే ఆయన మాట నమ్మనట్టు అవుతుంది" అన్నావట. లేసుతో చిన్న సంచి అల్లి, అందులో నీ వాగ్దాన కార్డు పెట్టుకుని మెడలో వేసుకున్నావని చెప్పింది. లోవమ్మ మన వాళ్ళ మతం కాదు కదా, తనకి అర్థం కాలేదు. "ఆ తాయెత్తులో ఏముందండీ, అంత గట్టిగా పట్టుకుంది?" అని నన్నే అడిగింది. టికెట్లు చింపుతూ ఉండిపోయాను.

నీ చివరి ప్రశ్న ఇప్పుడు. నీ అక్షరాల్లోనే రాస్తున్నాను. 'కార్డులో వెలుపలికి వెళ్లునప్పుడు దీవింపబడుదువు అని ఉంది. లోపలికి వచ్చునప్పుడు అని కూడా ఆ వచనంలో ఉన్నట్టు నాకు గుర్తు. ఇక్కడ బైబిల్ లేదు, చూసుకోవడానికి. నాకు గుర్తున్నది నిజమేనా, లేక ఇంటి మీద బెంగతో నేనే కల్పించుకున్నానా? అయ్యగారిని అడిగి రాయండి.'

నువ్వు కల్పించుకోలేదు. ఉంది. ద్వితీయోపదేశకాండం ఇరవై ఎనిమిది, ఆరో వచనం. నువ్వు అడిగిన సగమే ముందు ఉంది. లోపలికి వచ్చునప్పుడు దీవింపబడుదువు, ఆ తర్వాతే వెలుపలికి వెళ్లునప్పుడు.

అయ్యగారిని అడిగాను. గురువారం ఆయన నరసాపురం వెళ్తూ పంటు ఎక్కారు. ఎవరో అడిగినట్టుగా అడిగాను. "అయ్యగారూ, ఈ వచనం పట్టుకుని ఒక మనిషి పరాయి దేశం వెళ్తే, తిరిగి వస్తుందని కూడా అర్థమేనాండి?" ఆయన రెయిలింగుకి ఆనుకున్నారు. "రత్నం, నీకు వచ్చిన ఉత్తరంలోంచి ఎవరైనా ఒక్క వాక్యం చింపి ఇంకొకరికి ఇస్తే నువ్వు ఊరుకుంటావా? మనం రోజూ ఆ పనే చేస్తున్నాం. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎందుకు చెప్పారు, ఇవి అడగకుండా వాక్యం ముట్టుకోకూడదు" అన్నారు. మోషే ముసలివాడై, ఏరు దాటి కొత్త దేశంలోకి వెళ్ళబోయే జనం మొత్తాన్ని నిలబెట్టి చెప్పిన మాట అది. ఒక ఆడమనిషి ప్రయాణం గురించి కాదు. నా మాట విని నడిస్తే అని మొదలవుతుంది ఆ అధ్యాయం. "ఇంకో పదమూడు వచనాలు కిందికి చదువు" అన్నారు. ఇంటికొచ్చి చదివాను. అవే మాటలు, అదే వరస. కానీ దీవింపబడుదువు అన్న చోట శపింపబడుదువు అని ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకి వాక్యం చెప్తున్నాను. ఆ వచనం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. దీవెన దగ్గరే పుస్తకం మూసేసేవాణ్ణి.

తిరుగు పంటులో ఆయన్ని మళ్ళీ పట్టుకున్నాను. "అయితే ఆ పుస్తకంలో మాలాంటి వాళ్ళకి ఏమీ లేదాండి?" అన్నాను. "ఎందుకు లేదు? ఆ మాట విని నడవమన్నాడు కదా, ఆ మాట ఏంటో ముందు అధ్యాయాల్లో చూడు. పరదేశిని బాధపెట్టకు, కూలివాడి కూలి పొద్దు గూకకముందే ఇచ్చెయ్, యజమాని దగ్గర నుంచి తప్పించుకొచ్చిన దాసుణ్ణి తిరిగి వాళ్ళకి అప్పగించకు. దేవుడి మనసు తెలియాలంటే అక్కడ తెలుస్తుంది. మనం మాత్రం దీవెన ఒక్కటే కోసుకుంటాం" అన్నారు. అవన్నీ వెతికి చదివాను. ఎన్నేళ్ళుగానో కార్డులు రాస్తున్నాను, ఆ మూడింటిలో ఒక్కటి కూడా ఏ కార్డు మీదా రాయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ళుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. చదువుతూ ఆగిపోకు, చివరిదాకా చదువు.

తొంభై ఎనిమిది జనవరి ఒకటి గుర్తుంది కదా. తుఫాను తర్వాత ఏడాది పైగా ఆ తాటాకుల పాకలో తడుస్తూ ఉన్నాం. పక్క పేటలో కువైట్ వెళ్ళిన వాళ్ళవి స్లాబులు లేస్తున్నాయి. పెట్టెలు పట్టుకుని పంటు దిగే ఆడవాళ్ళని రోజూ చూసేవాణ్ణి. వీసా వచ్చిందని ఏజెంట్ చెప్పాడు. నువ్వు వద్దన్నావు. నేను ఎంత చెప్పినా వద్దన్నావు. చివరికి, "నాకు వెళ్ళాలని లేదండి. కానీ దేవుడి చిత్తమైతే కాదనను. కొత్త సంవత్సరం వాగ్దానంలో ఏం వస్తుందో చూద్దాం. వెళ్ళమని వస్తే వెళ్తాను, లేకపోతే ఈ పాకలోనే ఉందాం, మళ్ళీ నన్ను అడగకండి" అన్నావు. నేను సరేనన్నాను.

మన చర్చిలో ఆ కార్డులు రాసేది నేనే. పాత క్రిస్మస్ గ్రీటింగు కార్డులు కత్తిరించి, వెనకవైపు ఒక్కో వచనం రాస్తాను. సువార్త కత్తిరిస్తుంది, లెక్కపెడుతుంది. ఆరాధన అయ్యాక మగవాళ్ళకొక పళ్ళెం, ఆడవాళ్ళకొక పళ్ళెం. కళ్ళు మూసుకుని ఒక్కటి తీయాలి, ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పిన మాట. ఆడవాళ్ళ పళ్ళెం పట్టుకున్నది ఆ రోజు నేను.

నీ అలవాటు నాకు తెలుసు. కూరగాయలైనా అంతే, పైవి ముట్టుకోవు, అడుగున చెయ్యి పెట్టి తీస్తావు. పళ్ళెంలో కూడా నా చేతి వైపు అంచున, అడుగు నుంచి లాగుతావు. ఒక కార్డు ముందే రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నీ వంతు వచ్చేసరికి దాన్ని అంచున పెట్టి బొటనవేలితో నొక్కి పట్టాను. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టావు. నీ వేలు నా వేలిని తాకింది. నేను వదిలాను. నువ్వు తీశావు.

వచనంలో ముందున్న సగం రాయలేదు. చోటు చాలలేదని నాకు నేను చెప్పుకున్నాను. చోటుంది. లోపలికి వచ్చునప్పుడు అని మొదట కనపడితే, ఇంట్లో ఉండమని దేవుడన్నాడంటావని భయపడి వదిలేశాను. అందుకే నీ కార్డులో రావడం లేదు, పోవడం ఒక్కటే ఉంది.

నువ్వు అది చదివి చర్చిలోనే కూలబడి ఏడ్చావు. "దేవుడు మాట్లాడాడండి" అన్నావు నాతో. నాతోనే అన్నావు. సంఘమంతా నీ చుట్టూ చేరి ప్రార్థన చేసింది. నేను కూడా కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నాను. ఎలాగూ ఆయన చిత్తమే అయ్యుంటుంది, నేను కాస్త చెయ్యి సాయం చేశానంతే అనుకున్నాను. నువ్వు వెళ్ళిన రోజు పంటు మీద నీ టికెట్ కూడా నేనే చింపాను.

నిన్ను పంపింది దేవుడు కాదు బేబీ. నేను. నువ్వు ఆయన్ని నమ్మి అక్కడ ఆగావు. ఆ నమ్మకం కింద ఉన్నది నా బొటనవేలు.

ఇది రాస్తే నీ మెడలో ఉన్న ఒక్క ఆసరా కూడా లాగేసినట్టు అవుతుందని తెలుసు. రాయకపోతే ఆ కార్డు చూసుకుంటూ ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండిపోతావు. రెండూ ఆలోచించి ఆలోచించి నా బుర్ర పనిచేయడం మానేసింది. అయ్యగారికి శనివారం పొద్దున్న అంతా చెప్పేశాను. కొడతారేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. సంఘం ముందు నిలబడి ఒప్పుకుంటానన్నాను. "సంఘం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడకి చెప్పావా?" అన్నారు. లేచి వచ్చేస్తుంటే, ఈసారి కార్డులు వద్దా అని అడిగాను. "రాయి. వచనం సగం కోయకుండా రాయి. కింద, అధ్యాయం అంతా చదవండి అని కూడా రాయి. పళ్ళెం మాత్రం నువ్వు పట్టుకోకు" అన్నారు.

నిన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని గ్రీటింగు కార్డులు కత్తిరిస్తున్నాను. సువార్త వచ్చి ఎదురుగా కూర్చుంది. నీ ఉత్తరం నేను లేనప్పుడు తీసి మొత్తం చదివేసుకుంది, నాకు తెలియదు.

"నాన్నా, నాకు కూడా ఒక కార్డు రాసి, నా చేతికి వచ్చేలా పెడతావా?" అంది.

"ఏమని రాయాలి?" అన్నాను, తల ఎత్తకుండానే.

"అమ్మ వచ్చేస్తుందని. అమ్మకి వెళ్ళమని రాసి పెట్టావు కదా, అలాగే."

కత్తెర పక్కన పెట్టేశాను. నీకెలా తెలుసని అడిగాను. "ఆ రోజు లెక్కపెట్టింది నేనే కదా నాన్నా. ఎర్ర గంట బొమ్మ ఉన్న కార్డు పళ్ళెంలో వెయ్యలేదు, జేబులో పెట్టుకున్నావు. తర్వాత అమ్మ చేతిలో అదే ఉంది" అంది. మరి అమ్మకి ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అమ్మ కువైట్ వెళ్తే సైకిల్ కొంటానన్నావు కదా. చెప్తే అమ్మ వెళ్ళదని చెప్పలేదు" అంది. ఇక ఆగలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను చెప్పుంటే అమ్మ ఇక్కడే ఉండేది. నా వల్లే నాన్నా" అని నా మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. పదేళ్ళ పిల్ల అప్పుడు. నీ వల్ల కాదమ్మా, నా వల్ల అని వందసార్లు చెప్పాను. తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. మీ అమ్మ లోపలి నుంచి ఏంటర్రా అని కేకేస్తోంది. ఆ పిల్ల వీపు నిమురుతూ అలాగే కూర్చున్నాను.

నువ్వు ఏం చేయాలో చెప్పే అర్హత నాకు లేదు. లోవమ్మ గురువారం బయలుదేరి కువైట్‌కి తిరిగి వస్తోంది. మళ్ళీ శుక్రవారం చూసి టాక్సీ మాట్లాడతానంది. వెళ్తే ఎంబసీవాళ్ళు పంపిస్తారో, నెలల తరబడి అక్కడే ఉంచుతారో, మధ్యలో పోలీసులు పట్టుకుంటారో నాకు తెలియదు. వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా తెలియదు. తప్పించుకొచ్చిన దాసుణ్ణి అప్పగించకు అన్న వచనం పైన రాశాను కదా, దాన్ని ఇంకో కార్డులా పట్టుకోవద్దు. నీకు ఏమీ కాదని అది మాట ఇవ్వడం లేదు. నువ్వు మెట్లు దిగితే దేవుడి మాట దాటినట్టు కాదు, అంతవరకే దాని అర్థం. ఆయన నిన్ను అక్కడ ఉండమని ఎప్పుడూ అనలేదు. ఉండాలో రావాలో నువ్వే ఆలోచించుకో, మెళకువగా. నా మీద కోపం వస్తే రానీ. వచ్చాక నా ముఖం చూడనన్నా సరే, రా.

కార్డు మాత్రం సువార్తకి రాసి ఇవ్వలేదు. అలా రాయకూడదమ్మా, దేవుడి పేరు మీద మనం మాట ఇవ్వకూడదు అన్నాను. కళ్ళు తుడుచుకుని, ఒక ముక్క నా ముందు నుంచి తీసుకుని, తనే ఏదో రాసుకొచ్చింది. అది ఈ ఉత్తరంలో పెడుతున్నాను. లోవమ్మ మళ్ళీ జాకెట్లో కుట్టుకుంటానంది.

దాని మీద వచనం లేదు. 'అమ్మా, ఇంటికి వచ్చెయ్' అని ఉంది, కింద దాని పేరు ఉంది. నేను దిద్దలేదు. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎందుకు రాశారు అని అయ్యగారు అడిగే మూడింటికీ అందులోనే జవాబు ఉంది. అది వాగ్దానం కాదు బేబీ, మేము నెరవేర్చలేము. అడుగుతున్నాం, అంతే. మెడలో సంచిలో ఉన్నది తీసేసి, ఉంచుకోవాలనిపిస్తే ఇది ఉంచుకో. దీని అంచున నా వేలు లేదు.

ఇట్లు,
నీ టికెట్ చింపిన నీ భర్త,
రాజరత్నం.